పైడితల్లికి బదులు చింతమొక్క

నమోదు 1. తూకానికి పద్దెనిమిది రోజుల ముందు.

ఈ ఉదయం ఏడున్నరకు తక్కెడ ఇరుసుకు నూనె పెడుతుండగా మా ఆటసంఘం పెద్ద గొర్లె సూరపనాయుడు గారు తూకపు గదికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "నూకరాజూ, ముందు కూకో" అన్నారు. నేను అప్పటికే కూర్చొని ఉన్నాను. ఆ సంగతి కూడా ఆయన కంటికి ఆనలేదంటే తెచ్చిన వార్త మంచిది కాదని గ్రహించాను.

"పైడితల్లిని వెలుగుగట్టోళ్ళకి ఇచ్చీసినాం."

"ఎన్నాళ్ళకు?"

"ఎన్నాళ్ళకేటి? ఇచ్చీడవంటే ఇచ్చీడవే."

"దేనికి బదులు?"

ఆయన గోడవైపు చూశారు. గోడ మీద చూడదగినదేమీ లేదు.

"సింతమొక్క" అన్నారు.

పెద్దల ఎదుట గొంతు పెంచి ఎరుగను. ఈ రోజు కూడా పెంచలేదు. నూనె డబ్బా మూత బిగించాను. గుడ్డ మడిచాను. ఇరుసు ఒకసారి తిప్పి చూశాను. ఆ తరువాత, "నాలుగేళ్ళలో రెండువందల పద్నాలుగు గోల్స్ కొట్టిన పిల్లను పులుసులో వేసుకొనే వస్తువు కోసం ఇచ్చేశారా?" అని మాత్రం అడిగాను.

"నువ్వు సింతపండు పులుసు తిన్నావేటి ఎప్పుడేనా?"

"లేదు."

"మరి మాటాడకు. నాను తిన్నాను. ఆరేళ్ళప్పుడు, ఒక్కసారి." ఆయన కళ్ళు మూసుకున్నారు. "ఒక్కసారే."

ఆయన వెళ్ళిన తరువాత కరిగించే కొలిమికి పోవలసిన మంచుదిమ్మలు నలభై రెండు తూచి పలక మీద రాశాను. చంద్రుడి ఈ మూలన, ఎండ ముఖమెరుగని గుంతలో, మా చలిగుంట వారు మంచు తవ్వి బతుకుతారు. పైన గట్టు మీద, ఎండలో, వెలుగుగట్టు వారు పంటలు పండించి బతుకుతారు. మధ్యన హాకీ ఉన్నది. అది లేకపోతే ఒకరి ముఖం ఒకరు చూడవలసిన అవసరమే ఉండదు.

దిమ్మల లెక్కలో ఒక తప్పు దొర్లింది. దిద్దుకున్నాను. కారణం నమోదు చేయలేదు.

నమోదు 2. పదిహేడు రోజుల ముందు.

ఊరు ఉడికిపోతున్నది. భోజనశాలలో నాయుడు గారి కుర్చీ మీద ఎవరో పుల్లపొడి డబ్బా పెట్టి, "తమరికే, తనివితీరా" అని చీటీ అంటించారు. పుల్లపొడి అంటే కొలిమి పక్క ప్రయోగశాలలో తయారయ్యే తెల్లని చూర్ణం. మా పులుసులన్నీ దానితోనే.

నేను కోపాన్ని క్రమపద్ధతిలో వ్యక్తం చేయడం మంచిదని తలచి సంఘానికి విన్నపం రాశాను. పైడితల్లికి బదులుగా ఇవ్వదగినవి:

ఒకటి, మా గోల్‌కీపరు. (నా మేనకోడలే. అభ్యంతరం లేదు.)

రెండు, ఏడాదికి మూడువందల దిమ్మల మంచు.

మూడు, మంచు చెక్కే యంత్రం. చేతులతో చెక్కుదాం. మొదటి ఉలి నాది.

నాలుగు, సూరపనాయుడు గారు. వారి తూకం ఎనభై నాలుగు కిలోలు. చింతమొక్కతో పాటు కరివేపాకు కూడా రావచ్చు.

ఐదు, ఏమీ వద్దు. నేను నలభై ఆరేళ్ళుగా పుల్లపొడి తింటున్నాను. పొట్టలో ఏ లోపమూ లేదు.

నాయుడు గారు నాలుగో అంశం దాకా చదివి కాగితం తిరిగి ఇచ్చారు. "ఐదోది కూడా సదవండి" అన్నాడు పక్కనున్నవాడు. చదవలేదు.

ఇంటికి వచ్చి, మా చలిచీమల జట్టు కండువాను ఇక ముట్టరాదని నిశ్చయించుకొని పెట్టె అడుగున పెట్టాను. పది నిమిషాలకు బయటికి తీశాను, మడత వంకరగా ఉన్నదని. తిరిగి పెట్టాను. భోజనం తరువాత మళ్ళీ తీశాను. ఈసారి మడత బాగానే ఉంది.

నమోదు 3. పదహారు రోజుల ముందు.

ధ్రువపత్రం కోసం పైడితల్లి తూకం.

ఒక మనిషి ఊరు మారితే ఆ దేహంలోని నీరు, గాలి, తిండి అన్నీ విడిచిన ఊరివే. మూసిన ఇళ్ళలో బతికేవారికి పిడికెడు పోయినా లోటే. అందువల్ల మనిషి ఎంత తూగితే అంత వస్తువు తిరిగి రావాలి. పూర్వులు దీనికి తులాభారమని పేరు పెట్టారు. ఒక పళ్ళెంలో మనిషి, రెండో పళ్ళెంలో వస్తువు. స్ప్రింగు కాటా చలికి బిగుసుకుపోతుంది కనుక దానికి ఈ విషయంలో ప్రవేశం లేదు. పళ్ళెం ఎక్కిన తరువాత దేనినీ కలపరాదు, దేనినీ తీయరాదు. ముల్లు పావుకిలో దాటి ఎటు వాలినా బేరం రద్దు. రద్దయిన బేరాన్ని ఏడాది వరకు ఎత్తరాదు.

పద్ధతి ప్రకారం ముందుగా మూడు పర్యాయాలు అడిగాను: "ఆకలా? దాహమా?" తొలినాళ్ళలో వెళ్ళిపోయేవారిని తక్కువ తూగడానికి పస్తు పెట్టి పంపేవారట. అప్పటినుంచి తూకమెక్కే మనిషికి తనివితీరా తినే హక్కు ఇచ్చారు. ఇప్పుడది ఒట్టి లాంఛనం.

"నేదు నేదు నేదు" అన్నది ఆమె, మూడింటికీ కలిపి ఒక్క ఊపిరిలో.

"యాభై ఎనిమిది కిలోల రెండువందలు" అని చదివాను.

"ఆ రెండొందలూ జడదేమో బాబాయ్."

"జడ కూడా నీదే కదమ్మా."

"ఔన్లే. ఎవులైనా లాగితే నొప్పి నాకే."

నవ్వింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. వెళ్ళడం ఇష్టమేనా అని అడగాలనిపించింది. ధ్రువపత్రంలో ఆ ప్రశ్నకు గడి లేదు.

ఈ తూకాన్ని గట్టుకు పంపాను. వారు మొక్కను తొట్టితో, మట్టితో సహా సరిగ్గా ఇంతే తూచి సీలు వేశారని సాయంకాలానికి కబురు వచ్చింది.

నమోదు 4. పన్నెండు రోజుల ముందు.

భోజనశాలలో పైడితల్లి ముందున్న పళ్ళెం చూశాను. నా భార్య కొండమ్మ వంటశాలకు పెద్ద. ఆమె ఆ పళ్ళెం పక్కనే నడుము మీద చేయి వేసుకొని నిలబడి ఉన్నది.

"ఏటండీ, అలగ సూస్తన్నారు?"

"ఆ పళ్ళెంలో ఎన్ని నాచు వడలు?"

"లెక్కెట్టే పని మీది."

"పదకొండు."

"తెలిసినప్పుడు అడగడం దేనికి?"

పైడితల్లి నోటినిండా వడ ఉండడం వల్ల ఏమీ అనలేకపోయింది. వెనుక వరుసలో మరి నలుగురు తమ తమ గిన్నెలతో నిలబడి ఉన్నారు. ఒకామె చేతిలో పుట్టగొడుగుల వేపుడు, ఇంకొకామె చేతిలో సోయా పెరుగు. గుడిలో నైవేద్యానికి నిలబడినట్టు.

ఇంటికి వచ్చిన తరువాత కొండమ్మను విచారించాను.

"పావుకిలో తేడా వస్తే బేరం సెడిపోద్దని మీరే కదా మొన్న కంచం ముందు కూకొని సెప్పినారు."

"నియమం చెప్పాను."

"నియమం విని ఉపాయం కట్టినాం. అందులో తప్పేటుంది? ఆకలేసినోళ్ళకి అన్నం పెట్టకూడదని రాసుందేటి మీ పుస్తకంలో?"

పుస్తకం తీసి చూశాను. తొంభై ఆరు పుటలు. ఎక్కడా రాసి లేదు. ఈ సంగతి నమోదు చేస్తున్నప్పుడు నాకు విచారం కలగలేదని కూడా నమోదు చేయడం ధర్మం.

నమోదు 5. తొమ్మిది రోజుల ముందు. శుక్రవారం.

వారపు తూకం. నాలుగువందల పన్నెండు మందిని తూచాను.

పైడితల్లి: 59.400. పెరిగినది కిలో రెండువందలు.

మిగిలిన నాలుగువందల పదకొండు మందిలో తగ్గినవారు రెండువందల అరవై మంది. ఎవరూ ఎక్కువ తగ్గలేదు. ఒకరు ఐదు గ్రాములు, ఒకరు పది, మంచు మోసే ముసలాయన ముప్ఫై. మొత్తాన్ని రెండుసార్లు కూడాను. పెరిగినదానికీ తగ్గినదానికీ కొద్దిపాటి తేడా. ఊపిరిలో పోయినది అనుకోవచ్చు. ఊరు ఊరంతా తనలో నుంచి చిటికెడు చిటికెడు తీసి ఒక్క పిల్ల ఒంట్లో దాచుకుంటున్నది.

జాబితా చివర నా పేరు. తగ్గినది: మూడువందల గ్రాములు. అందరికంటే ఎక్కువ.

"కొండమ్మా, నేను తిండి తగ్గించలేదే."

"మీకేటి తెలుస్తాది? ఎదర పుస్తకం పెట్టుకొని తింటారు. పూటకి రెండు వడలు తీసీసినాను."

"నన్ను అడగకుండానా?"

"అడిగితే తూకందారు ఏ పక్షమూ వహించరాదని ఉపన్యాసం సెప్తారు. ఇప్పుడు సూడండి, పక్షమూ వహించినారు, పాపమూ అంటలేదు."

ఈమెను సంఘానికి పెద్దగా ఎన్నుకోకపోవడం చలిగుంట చేసిన పొరపాట్లలో ఒకటి.

ఈ సాయంకాలం కండువా వేసుకొని మైదానానికి వెళ్ళాను. పైడితల్లి సాధన చేస్తున్నది. మా మైదానపు పైకప్పు రెండున్నర మీటర్లు. ఇక్కడ గెంతిన మనిషి తీరికగా కిందికి దిగుతాడు కనుక, ఆట త్వరగా ముగియడానికి తాతలు కప్పు తక్కువ ఎత్తున వేశారు. ఆ కప్పును రెండో నేలగా వాడుకున్న మొదటి మనిషి పైడితల్లి. గెంతి, ఎడమ అరచేయి పైకప్పుకు ఆనించి, గాలిలోనే మెలి తిరిగి, తలకిందులుగా కర్రతో బిళ్ళను కొడుతుంది. మొదటిసారి కొట్టినప్పుడు వెలుగుగట్టు వారు ఫిర్యాదు చేశారు. జవాబు రాసింది నేనే: "కాళ్ళు కిందనే ఉండవలెనని నిబంధనలలో ఎక్కడా లేదు." నా రాతల్లో నాకు నచ్చిన వాక్యం అదే. అలాంటి గోల్స్ అరవై ఒకటి. ప్రతిదానికీ నా పుస్తకంలో ఒక నక్షత్రం గీశాను.

ఈ రోజు గెంతులో కాస్త బరువు కనబడింది. సంతోషించాను.

నమోదు 6. ఐదు రోజుల ముందు.

మధ్యాహ్నం పైడితల్లి తూకపు గదికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"బాబాయ్, ఎవులూ నొచ్చుకోకుండా వడ వొద్దనడం ఎలాగ?"

"వద్దనడం దేనికి?"

"కిలో రెండొందలు దిగాల. ఐదు రోజుల్లో."

కలం కింద పెట్టాను. "అంటే నీకు వెళ్ళాలని ఉన్నదా?"

"నాయుడు తాతని అడిగింది నానే. ఊరికే వొదల్రని తెల్సు. ఆయన ఆరేళ్ళప్పుడు పులుసు తిన్న కత నాకే పది సార్లు సెప్పినాడు. అందుకే సింతమొక్క అడగమన్నాను. ఆ మాట అన్నాక ఇంకేటీ ఇన్లేదు, సంతకం పెట్టీసినాడు."

"ఊరికి చెప్పవచ్చు కదా?"

"సెప్తే? ఒకో అమ్మ వడ సేత్తో పట్టుకొని కళ్ళనీళ్ళు పెట్టుకుంటాది. అప్పుడు ఎల్తానని నా నోటెంట వొస్తాదా? నాను గోల్ కొట్టగల్ను గానీ అది నా వల్ల కాదు."

కారణం అడిగాను. ఆమె చేయి పైకెత్తి చూపింది. తూకపు గది కప్పు కూడా తక్కువే. వేళ్ళు తగిలాయి.

"ఎంతెత్తు ఎగరగల్నో నాకు తెల్దు బాబాయ్. గెంతుతాను, అరసెయ్యి తగిలీస్తాది. ఎప్పుడూ తగిలీస్తాది. గట్టు మీద మైదానానికి కప్పు నాలుగు నిలువులంట. ఒక్కసారి తగలకుండా ఎగిరి సూడాలనుంది."

ఆమె వెళ్ళిన తరువాత గోల్స్ పుస్తకం తెరిచాను. అరవై ఒక్క నక్షత్రాలు. ఆమె గొప్పతనానికి గుర్తులని గీశాను. ఆమెకు అవి అరవై ఒక్కసార్లు తగిలిన కప్పు. ఒకే పుటను ఇద్దరం ఇంత కాలం చదివాము.

ఇవాళ వేరే ఏమీ రాయను.

నమోదు 7. నాలుగు రోజుల ముందు.

తూకం తగ్గే మార్గాలు, పరిశీలన:

పస్తు: వీలు కాదు. రెండువందల అరవై మంది కాపలా.

జడ కత్తిరించడం: మూడువందల పది గ్రాములు. ఆమె ఒప్పుకోలేదు. "ఎనకనుంచి సూసి నన్నెవులు గుర్తుపడతారు?" కొట్టివేత నా పద్ధతి కాదు కనుక ఈ అంశాన్ని అలాగే ఉంచాను.

చెమట: వీలున్నది. కరిగించే కొలిమి గదిలో నలభై ఎనిమిది డిగ్రీల వేడి. దిమ్మలు తోసేవారికి ఎప్పుడూ కొరత.

ముందుగా నియమాలు చూసుకున్నాను. తూకందారు పళ్ళెం మీదనున్న ఏ పక్షానికీ సాయపడరాదని ఉన్నది. పళ్ళెం ఎక్కని రోజుల ప్రస్తావన లేదు. రెండుసార్లు చదివాను. మొన్న ఇదే పుస్తకం నా కోరికకు అడ్డురాలేదు. ఇవాళ నా కోరికకు విరుద్ధమైన పనికి కూడా అడ్డురాలేదు. పుస్తకం నిష్పక్షపాతమైనది.

పైడితల్లి దిమ్మలు తోసింది. నేను దిమ్మల లెక్క రాస్తున్నట్టు కూర్చున్నాను. మూడు గంటల్లో ఆరువందల గ్రాములు. వడల సమస్య కూడా తీరింది. ఆమె "తరవాత తింటాను పిన్నీ" అని మూట కట్టించుకొని తెస్తున్నది. వాటిని నేను తింటున్నాను. ఇవి మొదట నా పళ్ళెంలోంచి తీసినవే కనుక, న్యాయం తన చోటికి తాను చేరిందని చెప్పవచ్చు.

"బాబాయ్, ఇంత ఇష్టంగా తింటన్నారేటి?"

"దుఃఖంలో ఉన్నానమ్మా."

నమోదు 8. ఒక రోజు ముందు.

పైడితల్లి: 58.350. ముల్లు పావుకిలో లోపలే నిలుస్తుంది. ఆమె రేపు వెళ్ళిపోతుంది.

ఊరికి ఈ సంగతి తెలియదు. దళసరి చొక్కా వేసుకొని తిరుగుతున్నది. వంటశాలలో విజయోత్సవానికి పిండి రుబ్బుతున్నారు. కొండమ్మ పాడుతూ రుబ్బుతున్నది.

కండువాకు ఇస్త్రీ చేశాను.

నమోదు 9. తూకం రోజు.

వరుసగా రాస్తాను, తొందరపడకుండా.

పది గంటలకు గట్టు వారి బండి వచ్చింది. తొట్టిని ఇద్దరు మోసుకొచ్చి కుడి పళ్ళెం పక్కన దించారు. వెనుక ఒక ముసలామె. పేరు రాజవ్వ. ఈ మొక్కను విత్తు నుంచి పెంచిన తోటమాలి.

మా వాళ్ళంతా అల్లరి చేయడానికి వచ్చినవారే. మొక్కను చూసి అల్లరి మరిచి దగ్గరికి జరిగారు. నడుమెత్తు ఉన్నది. మా మసక దీపాల వెలుగులో దాని ఆకులన్నీ జంటలు జంటలుగా ముడుచుకొని ఉన్నాయి.

"సచ్చిపోయిందేటి?" అన్నారు నాయుడు గారు, కంగారుగా.

"సావలే. చీకటైతే పండుకుంటది" అన్నది రాజవ్వ. "మీ ఊరంత చీకటే కద."

సీలు సరిచూడడం నా విధి. తొట్టి అంచు పట్టి కొద్దిగా లేపాను. ఇరవై రెండేళ్ళుగా ఈ చేతులు తూకం తప్ప వేరే పని చేయలేదు. యాభై ఎనిమిది కిలోల రెండువందలు కాదని చేతులు వెంటనే చెప్పాయి. యాభై తొమ్మిది దాటింది. మూడువందలు పైన ఉండవచ్చు. సీలు చెక్కుచెదరలేదు. కానీ తొట్టి అడుగు తడిగా ఉన్నది. మొక్క బతకాలి కనుక నీళ్ళు పోసే కంతను సీలుకు బయట విడిచిపెడతారు.

"అవ్వా, ఈ పదహారు రోజులూ దీనికి నీళ్ళు ఎక్కువ పోశారా?" అని మెల్లగా అడిగాను.

"దూపయితే పొయ్యొద్దా బిడ్డా? మొక్క గది, రాయి గాదు."

"ఎంత ఎక్కువ?"

ఆమె కొంగుతో ఒక ఆకు తుడిచింది. "పావుకిల ముచ్చట నాకు గూడ ఎరికే. మీ పిల్ల మంచిగ ఆడుతదంట. ఆడనియ్యి. పదేండ్ల సంది పెంచిన. నా చెట్టు నా కాడుంటే ఎవలికి నష్టం?"

అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. కింద మేము పిల్లకు వడలు తినిపిస్తూ ఉంటే, పైన ఈమె మొక్కకు నీళ్ళు తాగిస్తూ ఉన్నది. మమ్మల్ని మా మానాన వదిలేస్తే రెండు ప్రేమలూ సరిసమానంగా తూగి బేరం నిలిచేది. నేను మధ్యన దూరి పిల్లను మాత్రం దించాను. ఇప్పుడు తేడా తొమ్మిదివందల యాభై గ్రాములు.

ఇక నేను చేయవలసినది ఏమీ లేదు. ఈ వాక్యాన్ని దాచకుండా రాస్తున్నాను. తూకందారుగా ఎవరికీ ఏదీ చెప్పరాదు. చెప్పకపోతే ముల్లు మొక్కవైపు వాలుతుంది. బేరం రద్దవుతుంది. పైడితల్లి ఏడాది పాటు మా పైకప్పు కింద ఆడుతుంది. మరొక ఇరవై నక్షత్రాలు రావచ్చు. ఊరు సంబరపడుతుంది, రాజవ్వ మొక్కతో ఇంటికి పోతుంది, నా చేతికి ఏ దోషమూ అంటదు. నోరు మూసుకుంటే చాలు. నాకది అలవాటైన పని.

తొట్టిని పళ్ళెం మీదికి ఎక్కించారు. పైడితల్లి ముందుకు వచ్చింది. దళసరి చొక్కా విప్పేసింది. కొందరు ఆమె నడుము చూసి గుసగుసలాడుకున్నారు.

"మజ్జి పైడితల్లీ, ఆకలా? దాహమా?"

"నేదు."

"ఆకలా? దాహమా?"

"నేదు బాబాయ్."

మూడో పర్యాయం అడగడానికి ముందు తొట్టి అడుగును చూశాను. అక్కడొక నీటిబొట్టు వేలాడుతున్నది. మా నేల మీద బొట్టు రాలడానికి తొందరపడదు. అది విడివడి, గుండ్రమై, మెల్లగా పళ్ళెం వైపు దిగుతుంటే నేను దానినే చూశాను. నా చూపు వెంట ఆమె చూసింది. అది చేరేదాకా ఆగి, ఆ తరువాత అడిగాను.

"ఆకలా. దాహమా."

ఆమె బొట్టును చూసింది, మొక్కను చూసింది, నన్ను చూసింది. బిళ్ళ ఎటు వస్తుందో అందరికంటే అర క్షణం ముందు కనిపెట్టే పిల్ల.

"దాహం బాబాయ్" అన్నది. "దాహవే కాదు. ఆకలి కూడాను."

జనం ఒక్కసారిగా కేకలు వేశారు. కొండమ్మ రెండు చెంబుల సోయా మజ్జిగ, వడల పళ్ళెం పట్టుకొని అందరినీ తోసుకుంటూ వచ్చింది.

"అదేటి! తక్కెడెక్కే ముందు తింటాదేటి?" నాయుడు గారి ముఖం పాలిపోయింది. "నూకరాజూ, ఆపు!"

"హక్కు నాయుడు గారూ. మొదటి పుటలోనే ఉన్నది."

తినడం ముగిసినదో లేదో తూకందారు "తృప్తా?" అని అడిగి తేల్చాలి. మా చెంబు నాలుగువందల గ్రాములు. మొదటి చెంబు తాగి ఆమె నావైపు చూసింది. నేను అడగలేదు. రెండో చెంబు తాగి చూసింది. అడగలేదు. ఒక వడ తిన్నది. కొండమ్మ రెండోది అందించబోతుండగా అడిగాను.

"తృప్తా?"

"తృప్తి."

ఆమె ఎడమ పళ్ళెం ఎక్కింది. ముల్లు మొదట మొక్కవైపు ఊగింది, తరువాత పిల్లవైపు, తరువాత తమాయించుకున్నది. ముల్లు నడిగీతకు ఒక గీత పక్కన ఆగింది. తొంభై గ్రాములు.

"సరితూగింది" అని చదివాను. నా గొంతు ఎలా ఉన్నదో ఇతరులు చెప్పాలి.

రాజవ్వ తక్కెడ పక్కన కూలబడింది. పైడితల్లి దిగి, ఆమె ముందు కూర్చొని, "అవ్వా, మా బాబాయ్ దీని ఆకులు లెక్కెట్టి రోజూ నీకు కబురంపుతాడు. ఆయనకి లెక్కెట్టడం అంటే పేణం" అన్నది. నన్ను అడగకుండానే. ఒప్పుకున్నాను.

నాయుడు గారు మొక్క చుట్టూ ప్రదక్షిణం చేసినంత పని చేసి, "కాయలెప్పుడు?" అని అడిగారు.

"ఇంకో ఐదేండ్లు పడతది."

"ఐదేళ్ళా!"

బండి కదిలే ముందు పైడితల్లి ఏడ్చింది. రెండువందల అరవై మంది ఏడ్చారు. నేను బండి తలుపు సీలు సరిచూశాను.

రాత్రి భోజనంలో కొండమ్మ నా ఎదుట కూర్చున్నది.

"ఇరవై ఏళ్ళ కాపరంలో మీరు ఒక్క పెశ్న అంత నెమ్మదిగా అడగడం నానెప్పుడూ సూళ్ళేదు."

నేను ఎదుటనున్న పుస్తకం మూశాను.

"ఎల్తాననిందా అది?"

"అన్నది."

నా పళ్ళెంలో వడలు రెండు తక్కువగా ఉన్నాయి. ఫిర్యాదు చేయలేదు.

నమోదు 10. తూకానికి నలభై మూడు రోజుల తరువాత.

చింతమొక్క: ఆకు కాడలు నూట ఎనభై ఆరు. రాజవ్వకు కబురు పంపాను. దీపాల కాలం పెంచాలని ఆమె చెప్పినట్టు చేసినప్పటి నుంచి పగలు ఆకులు విప్పుతున్నది. ఆ వేళకు జనం పని ఆపి వచ్చి చూస్తున్నారు. పోయిన వారం ఆమె అనుమతితో పిడికెడు చిగురు కోసి, ఊరందరి పప్పులో వేశాము. మనిషికి వచ్చిన వాటా దాదాపు శూన్యం. నాయుడు గారు కళ్ళు మూసుకొని నమిలారు. "అది కాదు" అన్నారు. తరువాత, "దాని సుట్టం" అన్నారు.

ఈ రోజు గట్టు మీద పోటీ. చలిచీమలకూ గట్టు వారి ఎండగద్దలకూ. మా వాళ్ళు ఎనభై మంది వెళ్ళాము. పైడితల్లి బిళ్ళ అందుకున్నప్పుడల్లా ఊళలు వేయాలని కొండమ్మ నాయకత్వంలో దారి పొడవునా సాధన చేశారు. నేను కండువా వేసుకొని గోల్స్ పుస్తకం పట్టుకొని కూర్చున్నాను. ఎదుట ఎండలో వెలిగే కప్పు, నాలుగు నిలువుల ఎత్తున. నా మెడ పట్టేసింది.

చివరి నిమిషానికి చెరి మూడు గోల్స్. బిళ్ళ ఆమె కర్రకు తగిలి పైకి లేచింది. ఆమె దాని వెంట లేచింది.

అలవాటు కొద్దీ గడియారం నొక్కాను. మా మైదానంలో ఈపాటికి అరచేయి కప్పుకు తగిలేది. ఇక్కడ తగలలేదు. ఆమె ఇంకా పైకి పోతూనే ఉన్నది. ఊళ వేయడానికి నోరు తెరిచిన కొండమ్మ నోరు తెరిచే ఉన్నది. జడ వెనకాల నిలువుగా నిలిచింది. పైన ఒక చోట ఆమె ఆగింది. కప్పు ఇంకా మనిషెత్తు పైన ఉన్నది. అక్కడ ఆమె ఎడమ చేయి పైకి చాచింది. ఏమీ తగలలేదు. అది తెలుసుకోవడానికే చాచిందని ఆ ఎనభై మందిలో నాకొక్కడికే తెలుసు.

తిరగబడి కొట్టింది. గోల్.

గాలిలో ఉన్న కాలం: నాలుగున్నర సెకన్లు.

"ఓలమ్మో, మా గుంటే! అది మా పిల్లే!" అని కొండమ్మ బెంచీ ఎక్కి అరుస్తున్నది. మా ఎనభై మందీ అరుస్తున్నారు. ఓడిపోయిన సంగతి చాలాసేపటి దాకా ఎవరికీ గుర్తు రాలేదు.

తిరుగు బండిలో పుస్తకం తెరిచి చూసుకున్నాను. ఆ గోల్‌ను చలిచీమల వరుసలో రాశాను. పక్కన నక్షత్రం కూడా గీశాను. కనుక నా పుస్తకం ప్రకారం ఈ రోజు పోటీలో నాలుగు, మూడుతో మేమే గెలిచాము.

ఇరవై రెండేళ్ళుగా ఈ పుస్తకంలో తప్పు లేదు, కొట్టివేత లేదు. ఈ రోజు తప్పు ఉన్నది. కొట్టివేత ఈ రోజు కూడా లేదు.